బండి ఱ

“నా బండ నాకిస్తారా, లేకపోతే మీ నెత్తిన ఉతకమంటారా?”

కోటేశ్వరి నీళ్ళోడే బట్టల బకెట్టును షామియానా కింద, సరిగ్గా మూలపురుషుడి ముందు దబ్బున పెట్టింది. దుప్పటి నీళ్ళు కారి, చిన్న కొడుకు హరికృష్ణ పొద్దున్నే దగ్గరుండి వేయించిన ముగ్గులోకి పారాయి.

“అమ్మా! నీకు దణ్ణం పెడతా, తియ్యి. రేపీపాటికి రొంపిచెర్ల మండలమంతా ఈడ ఉంటది.”

“ఉండనీ. మండలం వచ్చి ఉతుకుద్దా మీ నాన్న పంచెలు? వారం నించి గచ్చు మీద కుమ్మీ కుమ్మీ నా నడుం ఇరిగింది. నేను కాపరానికొచ్చిన కాణ్ణించి ఉతికిన బండ అది. ఇన్నేళ్ళు లేని దేవుడు జేసీబీ తగలంగానే ఊడిపడ్డాడా?”

“దేవుడు కాదమ్మా, వీరుడు. మన మూలపురుషుడు.”

“మూలపురుషుడైతే ఇన్నేళ్ళు నా చేత మురికిగుడ్డలు ఎందుకు ఉతికించుకున్నాడో అడుగు!”

వసారాలో నిలబడి వింటున్న శిరీషకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ ఇంట్లో చదువుకున్నవాళ్ళందరిలోకీ చదువుకోని అత్తగారికే బుర్ర పనిచేస్తుందని ఆమెకు ఎప్పటినుంచో అనుమానం. ఇవాళ రూఢి అయింది.

జరిగిందేమిటంటే, పెరట్లో కొత్త బాత్రూముకు పునాది తీయిస్తుంటే ఉతికే బండ వెల్లకిలా పడింది. దాని అడుగువైపు ఏదో జంతువు బొమ్మ, బొమ్మ కింద పాతకాలపు అక్షరాలు కనబడ్డాయి. మామగారు బ్రహ్మాజీ మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, వంగి, ముక్కు రాయికి ఆనించి చదివారు. “గండపోతు పందెం గెలిచి పడియె.”

ఇంకేం! వీళ్ళ ఇంటిపేరు గండపోతు. పల్నాటి మనిషికి పందెం అన్న మాట చెవిన పడితే రెండో అర్థం అక్కర్లేదు. గండపోతు అనే మహావీరుడు ఏదో పందెం గెలిచి, ప్రాణాలు విడిచాడు. ఆయన వంశమే మనం. మధ్యాహ్నానికి రాయికి పసుపు, సాయంత్రానికి గంధం, మర్నాటికి ఫ్లెక్సీ.

ఆ ఫ్లెక్సీ చూసి తీరాలి. తెల్లగుర్రం మీద ఒక రాజు, ఆ రాజు మెడ మీద హరికృష్ణ మొహం. మీసం మాత్రం రాజుదే. కంకర కాంట్రాక్టులు చేసుకునే హరికృష్ణకు జడ్పీటీసీ టిక్కెట్టు మీద కన్నుపడి రెండేళ్ళయింది. ఇంతకాలం చెప్పుకోడానికి వెనకాల ఏమీ లేకపోయె. ఇప్పుడు వెనకాల గుర్రం వచ్చింది.

“అమ్మాయ్ శిరీషా!” హాల్లోంచి మామగారి పిలుపు.

పిలుపులో తేనె. వారం నుంచి ఇదే వరస. శిరీష ఈ ఇంటికి కోడలై పదహారేళ్ళు దాటింది. నరసరావుపేటలో ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతుంది. బ్రహ్మాజీ మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెద్దకొడుకు కొండలరావు, అంటే శిరీష భర్త, కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. లెక్కలు, ఫిజిక్సు ఏలుతున్న ఇంట్లో సోషల్ టీచరంటే పనిమనిషికి ఎక్కువ, గుమాస్తాకు తక్కువ.

“లెక్కలకు సూత్రం ఉంది, సైన్సుకు ప్రయోగం ఉంది. సోషల్‌కు ఏముంది? నోరుంది,” అనేవారు మామగారు, వచ్చిన ప్రతి చుట్టం ముందూ. చుట్టాలు నవ్వేవాళ్ళు. కాఫీలు అందిస్తూ శిరీష కూడా నవ్వాలి.

“సోషల్ పరీక్ష ముందురోజు మేం సినిమాకెళ్ళేవాళ్ళం,” అనేవాడు కొండలరావు. పాపం, ఆ పరీక్షలో అతగాడికి ముప్ఫయ్యారు వచ్చాయని శిరీష ఎవరికీ చెప్పలేదు.

అలాంటి మామగారు రాయి దొరికిన సాయంత్రం నుంచి “మా కోడలు హిస్టరీ ఎం.ఏ.!” అని ఫోన్లలో చెప్పుకుంటున్నారు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న. శిరీష ఆ మర్యాదను చీపురుతో ఊడ్చి పారేసేదే. కానీ ఆ మర్యాదలోనే కూతురి బతుకు చిక్కుకుని ఉంది.

కూతురు సుస్మిత పదో తరగతి పాసైంది. తెలుగు, సోషల్ తొంభై దాటాయి. లెక్కలు గట్టెక్కాయి. హెచ్ఈసీలో చేరి హిస్టరీ చదువుతానంది. ఇల్లు దద్దరిల్లింది. “మొద్దుల గ్రూపు,” అన్నాడు తండ్రి. “మా పరువేం గాను?” అన్నాడు తాత. గుంటూరులో ఎంపీసీ హాస్టలు మాట్లాడేశారు. పిల్ల అన్నం మానేసింది. సరిగ్గా ఆ పట్టులో రాయి బయటపడి, పొంగిపోయిన తాత నోరు జారారు. “వీరుల వంశం. పిల్ల చరిత్ర చదివితే మాత్రం తప్పేముంది? సభ కానివ్వండి, సోమవారం నేనే నరసరావుపేట తీసుకెళ్ళి గవర్నమెంటు కాలేజీలో హెచ్ఈసీలో చేర్పిస్తా.” ఆ మాట మీదే సుస్మిత మళ్ళీ కంచం ముందు కూర్చుంది.

శిరీష హాల్లోకి వెళ్ళింది. సోఫాకు ఆనించి నల్ల గ్రానైటు పలక ఉంది. బంగారు రంగు అక్షరాలు. మూలపురుషుడు గండపోతు వీరుడి పేరు, పందెం కథ, కింద ఆవిష్కర్తల పేర్లు. ఆఖరి వరసలో ‘ప్రముఖ చరిత్రకారిణి శ్రీమతి గండపోతు శిరీష, ఎం.ఏ., గారిచే నిర్ధారింపబడినది’.

“ఎట్టా ఉంది వదినా?” హరికృష్ణ వెనకాలే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నీ పేరు పెద్దక్షరాల్లో ఏపిచ్చా.”

ఆమె మనసు ఒక్క క్షణం పొంగింది. అబద్ధమెందుకు? రాయి మీద తన పేరు, పక్కన తన చదువు. ఆ క్షణం గడిచాక ఆ పొంగు మీద ఆమెకే అసహ్యం వేసింది.

“రేపు ఎమ్మెల్యే గారు కొబ్బరికాయ కొట్టంగానే నువ్వు మైకులో ఆ శాసనం చదివి అర్థం చెప్పాల. అంతే. రెండు నిమిషాలు,” అన్నాడు హరికృష్ణ.

శిరీష మామగారి వైపు తిరిగింది.

“మావయ్యా, అది పందెం కాదు.”

“మరేంది?”

“పంది.”

మాస్టారు కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నారు.

“పందెం గెలిచి అని మీరు చదివింది, పందిం గఱచి. పందిని కరిచి అని. రెండో అక్షరం మీద ఉన్నది ఎత్వం కాదు, గుడి. తర్వాతి మాటలో గ మీద ఎత్వమే లేదు, దాని పక్కది లి కాదు, బండి ఱ. పైన సిమెంటు అంటుకున్న చోట ఇంకో వరస ఉంది. నిన్న రాయి ఇంకా పెరట్లో ఉండగా నేనూ సుస్మితా సిమెంటు రాల్చి, తడికాగితం పరిచి, మసి అద్ది అచ్చు తీశాం. ‘కాటయ కుక్క’ అని స్పష్టంగా ఉంది. కాటయ అనే ఆయన కుక్క, దాని పేరు గండపోతు. అడవిపందిని కరిచి అక్కడే పడిపోయింది. దాని జ్ఞాపకానికి ఆయన రాయి వేయించాడు.”

కొండలరావు ఫక్కున నవ్వాడు. తండ్రి మొహం చూసి ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

“కుక్కా?” అంది గుమ్మంలోంచి కోటేశ్వరి. “నే జెప్పలా! ఇంకేం, నా బండ నాకియ్యండి.”

“నువ్వు లోపలికి పోవే!” అన్నారు మాస్టారు. ఆవిడ పోలేదు.

“ఆ బొమ్మలో గుర్రం కనపట్టంలా?” హరికృష్ణ గొంతు పెరిగింది.

“గుర్రం తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుందా హరీ?”

నిజానికి ఆ తోక సంగతి కనిపెట్టింది సుస్మిత. నిన్న పెరట్లో మసిచేతులతో, “అమ్మా, గుర్రం తోక ఇట్టా ఉంటదా?” అంది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ వరస చదివాక, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. “పాపం, ఎంత మంచి కుక్కమ్మా! యజమాని దానికోసం రాయి చెక్కించాడంటే!” అంది పిల్ల. పుస్తకంలో లేని చరిత్రను తన చేతులతో తీసి చూసిన ఆనందం దాని మొహంలో కనబడింది. అంత సంతోషం శిరీష తన క్లాసుల్లో ఎన్నడూ చూడలేదు.

“వదినా, రేపు నేను ఎమ్మెల్యే పక్కన నిలబడి, మా మూలపురుషుడు కుక్కండీ అని చెప్పాలా?”

“చెప్పొద్దు. అది మీ మూలపురుషుడేం కాదు. మీ ఇంటిపేరు, దాని పేరు కలిశాయి, అంతే. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నారు, ఒడ్డున ఉండగానే వదిలెయ్యండి.”

“మాటలు జాగర్త!”

“నా మాటలకేం? రేపు నాలాగా అక్షరాలొచ్చినవాడు ఎవడన్నా ఫోటో తీసి ఫేసుబుక్కులో పెడితే నీ పార్టీవాళ్ళే నిన్ను చూసి భౌ అంటారు.”

మాస్టారు చెయ్యెత్తారు. క్లాసులో అల్లరి ఆపేటప్పుడు ఎత్తే చెయ్యి అది. అందరూ ఆగారు.

“అమ్మాయ్. బండి ఱను బడినించి తోలేసి ఎన్నేళ్ళయింది? మాకెవరికీ కనపడంది నీకొక్కదానికే కనపడిందా?”

“ఆ రాయి చెక్కేనాటికి తోలెయ్యలేదు మావయ్యా.”

“ఓహో.” ఆయన కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడవడం మొదలుపెట్టారు. “నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. నాకు చదవడం రాదు. నోటితో బతికే సబ్జెక్టు చెప్పే నీకు వచ్చు. సరే. బాగుంది.”

“నేనట్లా అనలేదు.”

“కొండలూ!”

“నాన్నా.”

“గుంటూరు హాస్టలుకు ఫోన్ చెయ్యి. సోమవారం పిల్లను తెస్తున్నామని చెప్పు. ఎంపీసీ.”

శిరీష ఒక అడుగు ముందుకు వేసింది. “మావయ్యా, మీరు మాటిచ్చారు.”

“ఇచ్చాను. వీరుల ఇంట పుట్టిన పిల్ల చరిత్ర చదివితే అందం అనుకుని ఇచ్చాను. కుక్కలు ఏ పందిని కరిచాయో చదవడానికి నా మనవరాలే దొరికిందా? మీ చరిత్ర అంటే ఇదన్నమాట! ఇంతకాలం నేను తక్కువగా మాట్లాడానేమోనని ఈ వారం రోజులూ బాధపడ్డా. తక్కువేం కాదు, నేనే ఎక్కువ మర్యాద ఇచ్చా.”

ఆమె భర్త వైపు చూసింది. కొండలరావు అప్పటికే ఫోన్లో నంబరు వెతుకుతున్నాడు. ఈ మనిషి భూమ్యాకర్షణ గురించి గంటసేపు చెప్పగలడు. తండ్రి ముందు కుర్చీలోంచి లేవలేడు.

“ఏమండీ.”

“సర్దుకో శిరీషా,” అన్నాడు తల ఎత్తకుండానే. “ఒక్క లైను. ఆ రాయి లేచొచ్చి నిన్ను కాదంటదా? నాపరాయి అది. దానికి పందైనా ఒకటే, పందెమైనా ఒకటే.”

“మీ లేబొరేటరీలో రీడింగు ఇట్లానే రాస్తారా?”

“నీ సబ్జెక్టుకూ నా సబ్జెక్టుకూ పోలికేంది?”

అనవలసింది అనేశాడు. శిరీషకు వీళ్ళ మీద ఏవగింపు పుట్టింది. ఒకడికి సూత్రాలు వచ్చు, నిజం అక్కర్లేదు. ఒకడికి ప్రయోగాలు వచ్చు, వెన్నెముక లేదు. మూడోవాడికి ఏమీ రాదు, రేపు వీళ్ళందరినీ ఏలతాడు. వీళ్ళా తన చదువును తూచేది!

కానీ సోమవారం ఎల్లుండే. హాస్టలు గేటు మూసుకుంటే పిల్ల రెండేళ్ళు రాని లెక్కలతో కుస్తీ పడుతుంది. ఆ పైన ఇంజనీరింగు అంటారు. నిన్న పెరట్లో చూసిన ఆ నవ్వు మొహం ఇక ఉండదు. ఒక్క లైను. చచ్చి ఏ కాలమో అయిన కుక్క. దాని యజమాని కూడా లేడు అడగడానికి. పిల్ల జీవితమంతా ఒకవైపు, కాటయ కుక్క ఒకవైపు. ఏ తల్లయినా ఏం చేస్తుంది?

“మసగ్గా ఉంది మావయ్యా,” అంది నేల చూస్తూ. “పందెం అని కూడా చదవొచ్చు.”

లెక్కల మాస్టారు సగం జవాబుకు మార్కులు వేసే మనిషి కాదు.

“చదవొచ్చా, చదవాలా?”

“చదవాలి.”

“మరి ఆ కుక్క?”

“కుక్క కాదు. అక్కడ రాయి పెచ్చు లేచింది. నేనే తప్పు చదివాను.”

“అదీ!” హరికృష్ణ తొడ చరిచాడు. “వదినంటే వదినే! నాకు తెల్సు నాన్నా, కంగారులో ఏదో అంది గానీ మన మనిషి.”

“హాస్టలు సంగతి?” అంది శిరీష.

“సోమవారం హెచ్ఈసీ. నా మాట మాటే,” అన్నారు మాస్టారు. కళ్ళజోడు పెట్టుకుని, “కోటేశ్వరీ, అమ్మాయికి కాఫీ పట్టుకురా,” అన్నారు. కోడలికి కాఫీ పట్టుకురమ్మని ఆ నోటి నుంచి రావడం అదే మొదలు. ఎంత చౌకగా వచ్చింది మర్యాద!

కోటేశ్వరి కాఫీ తెచ్చింది. గ్లాసు ఇస్తూ కోడలి మొహంలోకి ఒకసారి చూసి, “నువ్వు గూడా అంతేనటే!” అని గొణిగి, బకెట్టు తీసుకుని గచ్చు మీదికి పోయింది. బట్టలు దబాదబా కుమ్ముతున్న చప్పుడు హాల్లోకి వినబడింది.

షామియానా కింద మైకుసెట్టు అమ్జద్ వైర్లు కలిపి, హలో హలో అని వీధిని లేపాడు. హరికృష్ణ ఊరుకుంటాడా! వదిన చేత ఒకసారి చదివించి చూడాలన్నాడు. అమ్జద్ మైకు తెచ్చి చేతికిచ్చాడు.

“గట్టిగా చదవండి మేడమ్. సెంటరు దాకా కొమ్ములు కట్టా.”

పసుపు, గంధం పూసుకుని, బంతిపూల దండ వేసుకుని ఉంది రాయి. ఆ పూతలో నుంచి కూడా తోక కనబడుతూనే ఉంది. చక్కగా చుట్టుకున్న తోక. శిరీష దాన్ని చూడకుండా గ్రానైటు పలక చూసి చదివింది.

“గండపోతు పందెం గెలిచి పడియె.”

నాలుగు కొమ్ముల్లోంచి ఆమె గొంతు బజారు దాకా పోయింది. ఎదురింటి అరుగు మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. “ఎంత బాగా చదివిందిరా!” అన్నారెవరో. ఈ ఊళ్ళో ఆమె పాఠానికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అంతకుముందు జరగలేదు.

లోపలికి వెళ్ళేసరికి గదిలో సుస్మిత మంచం మీద సూట్‌కేసు తెరిచి పెట్టుకుని బట్టలు సర్దుతోంది.

“ఏంది తల్లీ ఇది? గుంటూరు పోనక్కర్లేదు. తాతయ్య ఒప్పుకున్నారు.”

“విన్నా.”

“సోమవారం పేటలో చేర్పిస్తారు. హెచ్ఈసీ.”

“అదీ విన్నా. తలుపెనకాలే ఉన్నా.” పిల్ల చుడీదారు మడత సరిచేసింది. తలెత్తలేదు. “మైకులో కూడా విన్నా.”

శిరీష మంచం అంచున కూర్చుంది. “నీ కోసమే కదే.”

“తెలుసమ్మా.”

“ఒక్క లైను. సభ అయిపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. నువ్వు చదువుకుని, పెద్దదానివై, నువ్వే వచ్చి ఆ రాయి మీద నిజం రాయి. నేను కాదంటానా?”

“ఎందుకు రాయాల? అప్పుడు నా కూతురికి ఏ గ్రూపు కావాలో ఎవురికి తెలుసు?”

ఆ మాట తాత నోటి నుంచో, మరిది నోటి నుంచో వచ్చి ఉంటే శిరీష పది మాటలు తిప్పికొట్టేది. ఇది అన్నది పదిహేనేళ్ళ పిల్ల.

“అంత మాటలు వద్దు సుస్మీ. పెద్దవాళ్ళ మధ్య బతకాలంటే ఎన్ని సర్దుకోవాలో నీకు తెలీదు.”

“నాన్న గూడా అదే అన్నాడు గదా. సర్దుకో అని.” సుస్మిత సూట్‌కేసు జిప్పు లాగింది. “నేను ఎంపీసీకే పోతా.”

“నీకు లెక్కలు రావే!”

“నేర్చుకుంటా. రాకపోతే ఫెయిలవుతా. అక్కడైతే తాతయ్య కళ్ళెర్రజేసినా రెండు రెళ్ళు నాలుగేనంట.”

సూట్‌కేసు ఈడ్చుకుంటూ పిల్ల హాల్లోకి నడిచింది. శిరీష వెనకాలే పరిగెత్తింది.

“తాతయ్యా, నాకు హెచ్ఈసీ వద్దు. గుంటూరే పోతా.”

బ్రహ్మాజీ మాస్టారు ఒక్క నిమిషం నమ్మలేదు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. “సెబాసు! అదీ మన రక్తం! ఏమ్మా, అంత పట్టుబట్టినదానివి, ఎట్టా మనసు మారింది?”

సుస్మిత తల్లి వైపు చూసింది. ఈ ఇంట్లో మగవాళ్ళు సోషల్ టీచరును చూసే చూపు ఎలా ఉంటుందో శిరీషకు బాగా తెలుసు. ఇప్పుడదే చూపు తన కూతురి కళ్ళల్లో ఉంది.

“హిస్టరీ మా అమ్మకే రాదంట గదా తాతయ్యా. తనే చెప్పింది, తప్పు చదివానని. నాకేం నేర్పుద్ది?”

మాస్టారు పగలబడి నవ్వారు. కొండలరావు కూడా నవ్వాడు. ఆ మాట అబద్ధమని అనడానికి శిరీష నోరు తెరిచింది. అబద్ధమంటే, ఏది అబద్ధమో చెప్పాలి.

“వదినా!” బయటి నుంచి హరికృష్ణ కేక. “పార్టీవాళ్ళొచ్చారు. ఆ లైను ఇంకోసారి మైకులో చదువు, వింటారంట!”

సుస్మిత సూట్‌కేసు పక్కన నిలబడి, అమ్మ ఏం చేస్తుందోనని చూస్తోంది.

“వస్తున్నా,” అంది శిరీష. ఏం చదవడానికి వెళుతోందో ఆమెకే తెలియదు.